పదహారు మాటలు

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్కను నిన్న ఇంటికి తెచ్చుకున్నాను. ఆసుపత్రి మంచం మీద పిల్లలా కనిపించిన మనిషి, తన మంచం మీద పడుకోగానే మళ్లీ తన కొలతకు వచ్చింది. పక్షవాతం పట్టిన కుడి చెయ్యి ఇంకా బరువుగానే ఉంది. కాలు ఫరవాలేదు, గోడ పట్టుకుని నడుస్తోంది. మాట మాత్రం ఒక్కటే మిగిలింది. "అదే."

ఆకలేస్తోందా అంటే అదే. నొప్పిగా ఉందా అంటే అదే. కిటికీ మూయనా అంటే అదే. ఒక్కో ‘అదే’కి ఒక్కో గొంతు. ఆసుపత్రిలోనే వాటి తేడా పట్టేశాను. ఇది అవును, ఇది వద్దు, ఇది నన్ను కాసేపు వదిలెయ్యి.

పొద్దున పేపరు వచ్చింది. ఆదివారం చివరి పేజీలో మూలగా గడి ఉంటుంది. పదహారు మాటలు ఇస్తారు, వాటిని నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు చెయ్యాలి. ఏ నాలుగింటికి ఏం చుట్టరికమో చెప్పరు, మనమే పట్టుకోవాలి. అక్క వారమంతా మందుల షాపులో నిలబడి, నేను వారమంతా కళ్లజోళ్ల షాపులో కూర్చుని, ఆదివారం పొద్దున టీ కప్పులతో ఆ గడి మీద పడేవాళ్లం. నేను తొందరపడి, నాలుగు పక్షులు దొరికాయని గీత గీసేసేదాన్ని. అక్క పెన్ను లాక్కునేది. "అంత తేరగా దొరికినదాన్ని నమ్మకే. ఐదో పక్షి ఎక్కడో నక్కి ఉంటుంది" అనేది. ఉండేది కూడా. ఒకసారి కాలువ, తలగడ, వేలుపు అనే మూడు మాటలు ఎటూ చేరకుండా మిగిలిపోయాయి. వాటి కడుపులో కాలు, తల, వేలు ఉన్నాయని అక్కే చెప్పింది. నాలుగోది గోరువంక. దాన్ని పక్షుల్లో కూర్చోబెట్టి మురిసిపోతున్నాను నేను.

ఇవాళ పేపరు మడత కూడా విప్పలేదు. అలమరా మీద పెట్టేశాను. అక్క చూసింది.

ఫిబ్రవరి 12

ఈరోజు "టీ" అంది. కావలసింది మంచినీళ్లు. అయినా అంది.

ఫిబ్రవరి 15

మాటల టీచరు వచ్చింది. ఆసుపత్రివాళ్లు పంపారు. చిన్న వయసే, జుట్టు గట్టిగా లాగి ముడేసుకుంది. కార్డు మీద ఇంగ్లీషులో పొడుగ్గా ఏదో ఉంది. నాకు నోరు తిరగక మాటల టీచరూ అని పిలిస్తే, "అలాగే పిలవండి, అదే బాగుంది" అంది.

అక్క ముందు నాలుగు బొమ్మలు పరిచింది. తాళం, తాళంచెవి, సూది, దారం. దేనికి ఏది జతో చూపించమంది. అక్క చిటికెలో చూపించింది. తర్వాత బొమ్మలు తీసేసి అవే మాటలు అక్షరాల్లో పెట్టింది. అక్క వాటికేసి గోడను చూసినట్టు చూసింది.

నాకు ఉండబట్టలేదు. "మా అక్క డాక్టర్ల రాత చదివే మనిషమ్మా. రాసిన డాక్టర్లే చదవలేని రాత" అన్నాను.

"తెలివి ఎక్కడికీ పోలేదండి. మనం మాట్లాడేదంతా ఆవిడకు అర్థమవుతోంది. లోపలున్న మాటలకూ, కాగితం మీద అక్షరాలకూ మధ్య దారి తెగింది, అంతే. బొమ్మలతో మొదలుపెట్టి మెల్లగా ఇంకో దారి వేసుకుందాం."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"చెప్పలేనండి. కొందరికి కొంతే వస్తుంది."

మనిషి ఎదురుగా కూర్చుని వింటుండగా అనే మాటేనా అది? చెవులు బాగానే ఉన్నాయి కదా అక్కకు.

ఆ అమ్మాయి మెట్లు దిగగానే అలమరా మీది పేపరు తీసి గడి కత్తిరించాను. ఒక్కో మాటా ఒక్కో అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాను. చూద్దాం బొమ్మలో, మాటలో.

ఫిబ్రవరి 18

చేసింది. అక్క చేసింది.

భోజనాల బల్ల మీద పదహారు అట్టలూ పరిచి ఎదురుగా కూర్చున్నాను. ఏ మాటా పైకి చదవలేదు. అక్క ఎడమ చేతి వేలు ఒక్కో అట్ట మీద ఆగుతూ పోయింది. ఆగినప్పుడల్లా నాకేసి చూసింది. నేను పెదవి కదపలేదు, ఒట్టు. ఊపిరి కూడా బిగబట్టుకున్నాను. ‘పాలు’ దగ్గర ఆగింది. తీసింది. ‘కొమ్మ’ తీసింది. ‘ఎముక’ తీసింది. ‘తాడు’ మీద వేలు పెట్టి, నన్ను చూసి, దాన్ని వదిలేసింది. ‘మనసు’ తీసింది.

పాలు, కొమ్మ, ఎముక, మనసు. నాలుగూ విరిగేవే. తాడైతే తెగుతుంది.

లేచి అక్కను కావలించుకుని ఏడ్చేశాను. తర్వాత నవ్వాను. నన్ను చూసి అక్క కూడా నవ్వింది. ఈ ఇంట్లో ఇద్దరి నవ్వూ ఒకేసారి వినబడి చాలా కాలమైంది.

మిగతా మూడు గుంపులు కూడా చేసింది. కొంచెం తడబడుతూ.

ఫిబ్రవరి 23, ఆదివారం

కొత్త పేపరు, కొత్త గడి. ఇవాళ ‘తప్పేవి’ అనే గుంపు ఉంది. దారి, లెక్క, గురి, స్పృహ. ఆ చివరి మాట అట్ట మీద రాయడానికి నా చెయ్యి ఆడలేదు. షాపులో కౌంటరు వెనక అక్క అలాగే పడిపోయింది కదా. చేతిలో ఎవరివో దగ్గు మందు సీసాలు. గడి తయారుచేసేవాళ్లకేం తెలుసు ఎవరింట్లో ఏ మాట గుచ్చుకుంటుందో.

అయినా రాశాను. అక్క ఏ తడబాటూ లేకుండా ఆ నాలుగూ తీసింది. ‘స్పృహ’ను అన్నిటికంటే ముందు తీసింది.

నేనే పిరికిదాన్ని. అక్క కాదు.

ఫిబ్రవరి 26

మందుల షాపు ఓనరు గారు వచ్చారు. పళ్లు తెచ్చారు. మంచి మనిషి. కుర్చీ అంచున కూర్చుని అక్కతోనే మాట్లాడారు, నాతో కాదు. అది నాకు నచ్చింది.

"అమ్మా, మీ చోటు మీకే ఉంది. నెలాఖరుదాకా, అంటే వచ్చే నెలాఖరుదాకా, ఇంకో షాపు నుంచి ఒకరిని బతిమాలి తెచ్చుకుని నడిపిస్తున్నా. ఆ తర్వాత కొత్తవాళ్లను పెట్టుకోక తప్పదు. మందులు తెలిసిన మనిషి లేకుండా షాపు తెరవకూడదు కదా."

"వచ్చేస్తుందండి" అన్నాను నేను. "మొన్న ఆదివారం గడి మొత్తం చేసేసింది. పదహారు మాటలూ."

ఆయన ముఖం వెలిగింది. "అయితే ఇంకేం! మీ అక్కగారు లేక ఒక్క ముసలాయనా నా మాట నమ్మడం లేదు. ఆవిడ చెబితేనే మింగుతారట."

అక్క నా ముఖం చూసింది. "అదే" అంది. ఏ ‘అదే’నో నాకు వెంటనే తెలియలేదు. సంతోషమే అయ్యుంటుంది.

మార్చి 1

అక్క తన మాత్రలు తనే వేసుకుంటానని పట్టుబడుతోంది. వేసుకోనిచ్చాను. సాయంత్రం వేసుకోవలసినది పొద్దునే వేసేసుకుంది. మధ్యాహ్నమంతా కళ్లు తిరిగి పడుకుంది.

రెండు డబ్బాలూ ఒకే రంగు, ఒకే ఎత్తు. ఎవరైనా పొరబడతారు. నేనైనా పొరబడతాను. ఒకదాని మూతకు ఎర్రదారం కట్టాను.

షాపులో డబ్బాలకు దారాలు ఉండవు కదా అనిపించింది. వెంటనే వేరే పని చూసుకున్నాను.

మార్చి 3

టీచరు దగ్గర అక్క అసలు చెయ్యదు. ‘తాళం’ అనే మాట చూపించి బొమ్మ తియ్యమంటే సూది తీసిందట. నేను షాపు నుంచి వచ్చేసరికి ఆ అమ్మాయి ఇంకా ఇక్కడే ఉంది. నేను సగం పూట పనిలోకి వెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచీ వాళ్లిద్దరే ఉంటున్నారు.

నేను గడి సంగతి చెప్పాను. ఆ అమ్మాయి "అవునా" అని ఊరుకుంది. నమ్మలేదు.

పరాయి మనిషి ముందు అక్కకు సిగ్గు. చిన్నప్పటి నుంచీ అంతే.

మార్చి 4

గడి మధ్యలో ఫోను మోగింది. లోపలి గదిలోకి వెళ్లి మాట్లాడి వచ్చాను. షాపులో ఎవరి కళ్లద్దాల ఫ్రేమో కనబడక నన్ను అడిగారు. తిరిగొచ్చేసరికి అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఒక్క అట్ట కూడా కదల్లేదు.

నేను లేకుండా ఆడటం ఇష్టం లేక నా కోసం ఆగింది.

మార్చి 6

ఇవాళ షాపులో తమాషా. లారీ డ్రైవరు ఒకాయన కళ్ల పరీక్షకు వచ్చాడు. గోడ మీద అక్షరాల చార్టు గడగడా అప్పజెప్పాడు, చిట్టచివరి వరసతో సహా. నాకు అనుమానం వచ్చింది. చార్టు తిప్పేసి, కింది నుంచి పైకి ఒక్కో అక్షరం చూపిస్తే ఒక్కటీ చెప్పలేకపోయాడు. బయట బల్ల మీద కూర్చుని, లోపల చదివేవాళ్ల గొంతు విని మొత్తం కంఠస్థం చేశాడట. "లైసెన్సు పోతే నా బతుకేమవ్వాలమ్మా" అని తల దించుకున్నాడు. "రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే వాళ్ల బతుకేమవ్వాలి?" అన్నాను నేను. మెత్తగానే అన్నాను. మందపాటి అద్దాలు రాయించి పంపాను.

ఇంటికొచ్చి నవ్వుతూ అక్కకు చెప్పాను. నాలాంటిదాన్ని మోసం చెయ్యడం అంత తేలికనుకున్నాడా అన్నాను. అక్క నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచి, "టీ" అంది.

పెట్టి ఇచ్చాను. తాగలేదు.

మార్చి 8

టీచరు వచ్చింది. నేనే పిలిచాను, గడి చూడమని. ఇవాళ ఏమీ రాయలేను.

మార్చి 10

రాయాలి. రాయకపోతే ఇంకో కథ అల్లుకుంటాను.

శనివారం మధ్యాహ్నం. బల్ల మీద అట్టలు పరిచాను. టీచరు పక్కన స్టూలు మీద కూర్చుంది. అక్కకు ఆ రోజు ఆడాలని లేదు. కుర్చీలోంచి లేవబోయింది. "ఒక్కసారక్కా, టీచరుకు చూపిద్దాం" అని భుజం పట్టి కూర్చోబెట్టాను. కూర్చుంది. రెండు గుంపులు చేసింది. ఆరేవి: దీపం, బట్టలు, గొంతు, పొయ్యి. పట్టేవి: తుప్పు, బూజు, జలుబు, పిచ్చి. నేను గర్వంగా టీచరు వైపు తిరిగాను. ఆ అమ్మాయి అట్టలను చూడటం లేదు. నన్ను చూస్తోంది.

"మీరు కాసేపు అక్కగారి వెనక కూర్చుంటారా?" అంది.

కూర్చున్నాను. ఎందుకని కూడా అడగలేదు. నాకు అప్పటికే తెలుసని ఇప్పుడు అనిపిస్తోంది.

అక్క వేలు ఒక అట్ట మీద ఆగింది. తల ఎత్తింది. ఎదురుగా ఖాళీ కుర్చీ. ఇంకో అట్ట మీద ఆగింది. మళ్లీ తల ఎత్తింది. వెనక్కి తిరిగి నన్ను వెతికింది. టీచరు మెల్లగా, "ఇటు చూడండమ్మా" అంది. మిగిలినవి ఎనిమిదే. అక్క ఒక అట్ట తీసి, తిప్పి చూసి, మళ్లీ పెట్టేసింది. అదీ తలకిందులుగా.

"చాలమ్మా" అంది టీచరు. అక్క చేతి మీద చెయ్యి వేసింది. "చాలా బాగా కూర్చున్నారు. ఇక చాలు."

మెట్ల దగ్గర నన్ను ఆపింది. "ఆవిడ వేలు తప్పు మాట మీదికి వెళితే మీ కనుబొమ్మలు దగ్గరికొస్తాయండి. సరైనదాని మీదికి వెళితే ఊపిరి ఆపేస్తారు. మీకు తెలియకుండానే. ఆవిడ మాటలు చదవడం లేదు. మిమ్మల్ని చదువుతున్నారు."

"అంటే నేను మోసం చేశాననా?"

"అయ్యో, అలా ఎలా అంటానండి. మనిషిని అంత బాగా చదవగలిగారంటే ఆవిడకు ఎంత శక్తి మిగిలి ఉందో చూడండి. నాకు అది చాలా పనికొచ్చే సంగతి."

"పాపం అక్కకు కూడా తెలియదు" అన్నాను. "తనే చేస్తున్నాననుకుంటోంది."

ఆ అమ్మాయి మెట్ల కమ్మీ పట్టుకుంది. "ఆవిడకు తెలుసండి" అంది. "మొదటి రోజు నుంచీ తెలుసు. మీరు లేనప్పుడు నేను ఆ అట్టలు తీస్తే చేత్తో వెనక్కి నెట్టేసేవారు. మీరు వచ్చే వేళకు మాత్రం బల్ల దగ్గరికొచ్చి కూర్చునేవారు."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు తెరుచుకుని తాగాను. వచ్చేపోయేవాళ్ల చూపు కొలిచే మనిషిని నేను.

మార్చి 11

అడిగాను. స్టవ్ ఆపేసి, తడి చేతులతోనే వెళ్లి మంచం మీద పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఆ మాటలు నీకు కనబడవా?"

"అదే."

"ఒక్కటి కూడా?"

"అదే."

"మరి నాకెందుకు చెప్పలేదు? చేత్తో అయినా, వద్దని తోసెయ్యొచ్చు కదా. ఇన్నాళ్లు ఎందుకలా..."

గొంతు పెరిగింది నాది. కోపం ఎవరి మీదో నాకే తెలియదు. అక్క ఎడమ చేతి వేలు నా గుండె మీద పెట్టింది. పెదవులు కూడదీసుకుంది. ఏదో బరువు ఎత్తుతున్నట్టు మెడ నరాలు పొంగాయి.

"నువ్వు" అంది.

లేదా "నవ్వు" అంది. నాకు సరిగ్గా తెలియలేదు. మళ్లీ అనమని అడగలేదు. అడిగితే ఆ అన్నది కూడా జారిపోతుందేమోనని భయం వేసింది. అక్క నన్ను చూపించి, తన బుగ్గలు రెండూ వేళ్లతో పైకి లాగింది. అట్టలు సరిగ్గా తీసినప్పుడు నా ముఖం ఎలా అవుతుందో చేసి చూపించింది.

అంటే ఇన్ని రోజులూ అక్క ఆడింది నా కోసం. చేయి లేవని మనిషి, మాట రాని మనిషి, నా ముఖం మాడకుండా కాపలా కాసింది. నేనేమో అక్కకు నేను ఆసరా అనుకుంటున్నాను.

అక్క ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. ఎడమ చేత్తో జుట్టు దువ్వింది. కొంచెం గట్టిగానే లాగింది.

మార్చి 16, ఆదివారం

పేపరు కింది ఇంటి కుట్టుపని ఆవిడకు ఇచ్చేశాను. నమూనాలు కత్తిరించుకుంటుందట.

మార్చి 22

టీచరు చెప్పినట్టు నేను ఆ గంటసేపు ఇంట్లో ఉండటం లేదు. వీధి చివరిదాకా నడిచి వస్తున్నాను. మొదటి రోజు తలుపు బయట చెవి ఆనించి నిలబడితే, ఆ అమ్మాయి తలుపు తీసి, "వెళ్లి టీ తాగి రండి" అంది. నాకంటే పాతికేళ్లు చిన్నది. వెళ్లాను.

ఇవాళ ‘సూది’ అనే మాటకు అక్క సరైన బొమ్మ తీసిందట. ఒకసారి. రెండోసారి తప్పింది.

ఒకసారి తీసింది.

మార్చి 30

రేపు వస్తానని ఓనరు గారు ఫోను చేశారు. ఏం చెప్పాలో పొద్దుటి నుంచీ మనసులో పేర్చుకుంటున్నాను. ఇంకో రెండు నెలలు ఆగమని అడగొచ్చు. చీటీలు ఎవరైనా చదివి పెడితే అక్క మందు తీసి ఇస్తుందని అనొచ్చు. మందు పేరు చెబితే చాలు, అది ఏ అరలో ఉంటుందో అక్కకు కళ్లు మూసుకున్నా తెలుసు. అనొచ్చు.

ఎర్రదారం గుర్తొస్తోంది. లారీ డ్రైవరు గుర్తొస్తున్నాడు. ఆయనకు నీతులు చెప్పాను.

మార్చి 31

ఓనరు గారు వచ్చారు. అదే కుర్చీ అంచున కూర్చున్నారు. అక్క ఉతికిన బట్టలు వేసుకుని, జుట్టు నున్నగా దువ్వించుకుని ఎదురుగా కూర్చుంది. పొద్దున నాతోనే దువ్వించుకుంది, ఎందుకంత పట్టుబట్టిందో అప్పుడు నాకు తట్టలేదు.

"ఏమంటారమ్మా, రేపు రాగలుగుతారా?" అన్నారాయన. "ముందు ఒక పూటే. తర్వాత చూద్దాం."

నేను నోరు తెరిచాను. "అదేమిటంటేనండీ, అక్కకు ఇంకా..."

అక్క చెయ్యి ఎత్తింది. నన్ను ఆగమని. నా వైపు తిరగలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఆయననే చూస్తూ, లోపల ఎక్కడో తడుముకుంటూ, చాలాసేపు అలాగే ఉంది. ఆయన ఓపికగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. గోడ అవతల ఎవరో బిందె దించిన చప్పుడైంది.

"రాను" అంది.

ఇంత స్పష్టంగా అక్క నోట ఒక మాట విని ఎన్నాళ్లయింది. ఆయనకు అది సంతోషించవలసిన సంగతో, బాధపడవలసిన సంగతో తెలియలేదు. "తొందరేం లేదమ్మా, ఇంకొన్నాళ్లు..." అన్నారు.

"రాను" అంది మళ్లీ.

గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను లేవబోతే ఆయనే వద్దని సైగ చేశారు. తిరిగొచ్చేటప్పుడు ఎడమ చంకలో తన తెల్లకోటు ఉంది. షాపులో వేసుకునేది. ఒక్క చేత్తో మడత పెట్టింది కాబట్టి కోటు చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. ఆయన ఒళ్లో పెట్టింది. కొత్తగా వచ్చేవాళ్లకు అన్నట్టు, తలుపు వైపు, వీధి వైపు చూపించింది.

ఓనరు గారు ఆ కోటును రెండు చేతులతో పట్టుకున్నారు. లేచి నిలబడి, "ముసలివాళ్లకు ఏం చెప్పనమ్మా" అన్నారు.

ఆయన వెళ్లాక అక్క ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను, అంతే. తర్వాత ఇద్దరం చల్లారిపోయిన అన్నమే తిన్నాం.

ఏప్రిల్ 3

రేపటి నుంచి నేను పూర్తిగా పనిలోకి. కుట్టుపని ఆవిడ మధ్యాహ్నం పైకి వచ్చి కూర్చుంటానంది. మిషను ఇక్కడికే తెచ్చుకుంటుందట. ఆవిడ వదిలి వెళ్లిన గుండీల డబ్బా ముందేసుకుని, అక్క అప్పుడే ఎడమ చేత్తో ఏరడం మొదలుపెట్టింది. రంగును బట్టి కాదు, పరిమాణాన్ని బట్టీ కాదు. దేన్ని బట్టో నాకు అర్థం కాలేదు. అడగలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున టీ పెట్టి బల్ల మీద పెట్టాను. పేపరు లేదు. అక్క టీచరు వదిలి వెళ్లిన అట్టల కట్ట తెచ్చుకుని కూర్చుంది. చిన్న కట్ట. ఒక పక్క బొమ్మ, రెండో పక్క మాట. బొమ్మలు కిందికి, మాటలు పైకి వచ్చేలా ఒక్కొక్కటీ పరిచింది.

నేను కప్పు పట్టుకుని లేవబోయాను. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. కూర్చోమంది. కూర్చున్నాక, ముందుకు వంగి తన అరచేత్తో నా కళ్లు మూసింది. చెయ్యి తీసేసింది.

మూసుకునే ఉన్నాను. కింద వీధిలో సైకిలు గంట. వంటింట్లో కొళాయి బొట్లు. బల్ల మీద ఒక అట్ట జరిగింది. ఇంకోటి జరిగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక అట్ట తిప్పిన చప్పుడు.

"కాదు" అంది అక్క. నాతో కాదు, తనతో తనే.

అట్టలు మళ్లీ కదిలాయి. నేను కళ్లు తెరవలేదు.